కల్లం నుంచి కాటా దాకా: గుంటూరు మిర్చి రైతుల సంఘాన్ని నిలబెట్టడం ఎలా?

ఫిబ్రవరిలో ఏదో ఒక రోజు తెల్లవారుజామున గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి ఓ గంట ఊరికే నిలబడండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకున్న రైతు ముందుగా ధర అడగడు. తన దుకాణదారు, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే వ్యాపారి, వచ్చాడా లేదా అని చూస్తాడు. జూన్‌లో విత్తనాలకు, సెప్టెంబరులో పురుగుమందులకు, మధ్యలో కూతురి కాలేజీ ఫీజుకు డబ్బు సర్దినవాడు ఆ దుకాణదారే. సరుకు ఆయన కొట్టుకు కాక ఇంకెక్కడికి పోతుంది?

చిన్న రైతులను మార్కెట్‌తో అనుసంధానిస్తామని ప్రాజెక్టు పత్రాల్లో రాస్తుంటాం. గుంటూరు మిర్చి రైతు ఎప్పుడో అనుసంధానమైపోయాడు, ముక్కుతాడు వేసినంత గట్టిగా. ఆ తాడును కొంచెం వదులు చేయడమే మన పని. ఇక్కడ రాస్తున్నది స్వచ్ఛంద సంస్థల్లో, ఎఫ్‌పీఓలని అందరూ పిలిచే రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో ప్రాజెక్టు బాధ్యత నెత్తిన పడ్డవారి కోసం. ఉదాహరణలన్నీ మిర్చివే. దుగ్గిరాల పసుపుకైనా, డెల్టా మాగాణి మినుముకైనా లెక్కల పద్ధతి మారదు.

మొదటి అడుగు: పది తక్‌పట్టీలు చదవండి

సర్వే ఫారాలు అచ్చు వేయించకముందే, మీరు ఎంచుకున్న ఊళ్లలో పదిమంది రైతుల దగ్గర నిరుటి తక్‌పట్టీలు అడిగి తీసుకోండి. యార్డులో సరుకు అమ్మాక చేతికిచ్చే ఆ చీటీలో రైతు బతుకంతా ఉంటుంది. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి పాత బాకీ కింద ఎంత పట్టుకున్నారు. మచ్చు (నమూనా) పేరుతో పోయిన కాయలు మాత్రం చీటీలో కనపడవు. వాటి సంగతి రైతునే అడగాలి.

చీటీ మీద ధర గడి కన్నా బాకీ గడిని ఎక్కువసేపు చూడండి. ఒక లెక్క వేద్దాం. రెండెకరాల రైతు జూన్ మొదట్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడనుకుందాం. మార్చి చివరికి పది నెలల వడ్డీ 40,000 రూపాయలు. ఎకరాకు ఇరవై క్వింటాళ్ల చొప్పున నలభై క్వింటాళ్లు పండాయి. మీ సంఘం నానా తిప్పలు పడి క్వింటాకు 300 రూపాయలు ఎక్కువ ఇప్పించిందనుకున్నా, ఆయనకు కలిసొచ్చేది 12,000. అదే వడ్డీని నూటికి రూపాయికి దించగలిగితే కలిసొచ్చేది 20,000. ధర గురించి ఒక్క మాటైనా మాట్లాడకముందే!

కాబట్టి ప్రాజెక్టు తొలి నెలల్లో చేయాల్సిన పని బ్యాంకు చుట్టూ తిరగడం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. మీ రైతుల్లో ఎందరికి ఆ కార్డు ఉంది, ఎందరిది పాత బాకీతో మూలపడి ఉంది, ఎందరికి అసలు రాదు? ఈ మూడు జాబితాలు చేతిలో లేకుండా ‘వ్యాపార ప్రణాళిక’ రాయకండి. నేను మొదటిసారి రాసినప్పుడు అవి లేవు. ప్రణాళిక చాలా అందంగా వచ్చింది, రైతులు మాత్రం సరుకు తీసుకుని పాత కొట్టుకే పోయారు.

రెండో అడుగు: సాగు చేసేది ఎవరో తేల్చుకోండి

పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవారినే సభ్యులుగా చేర్చుకుంటే సంఘంలో భూస్వాములు ఉంటారు, మిర్చి ఉండదు. ఈ ప్రాంతంలో పొలం ఒకరిది, పంట ఇంకొకరిది కావడం మామూలే. సంఘాన్ని కంపెనీగా నమోదు చేస్తే వర్తించే ఉత్పత్తిదారుల కంపెనీ చట్టం అడిగేది పంట పండిస్తున్నాడా అని. భూమి ఎవరి పేరు మీద ఉందని కాదు. కౌలు రైతును నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు.

చిక్కంతా రుణం దగ్గర వస్తుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలు చెల్లుతుంది. దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానికి, అడిగితే వచ్చే ఏడాది కౌలు పోతుందన్న భయం రైతుకు. ఇక్కడ ప్రాజెక్టు సిబ్బంది చేయగలిగింది ఒకటుంది. ఊరి పెద్దల సమక్షంలో యజమానులను కూర్చోబెట్టి, ఆ కార్డు పంట మీద హక్కే తప్ప భూమి మీద హక్కు కాదని చట్టం తెరిచి చదివి వినిపించడం. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకోని చోట అయిదారుగురు కౌలు రైతులను, అప్పుకు అందరూ కలిసి పూచీపడే ఉమ్మడి బాధ్యత బృందంగా చేసి, ఆ బృందం పేరుతో బ్యాంకుకు వెళ్లండి. ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదులో సాగుదారు పేరు పడిందో లేదో కూడా చూసుకోండి. నష్టపరిహారమొచ్చినా, బీమా వచ్చినా ఆ పేరును బట్టే వస్తుంది.

ఆడవారి సంగతి వేరే చెప్పాలా? నారు నాటేది, కోసేది, కల్లంలో తాలు (రంగు పోయిన నాసి కాయ) ఏరేది వారే. సమావేశానికి వచ్చి ముందు వరుసలో కూర్చునేది మగవారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరికీ చెరో వాటా ఇవ్వడం తేలికైన దారి. కాయ నాణ్యత గురించి మాట్లాడాల్సిన సమావేశాన్ని మధ్యాహ్నం కల్లం దగ్గరే పెట్టండి, రాత్రి ఏడింటికి గుడి అరుగు మీద కాదు.

మూడో అడుగు: నమోదు

దీన్ని త్వరగా దాటిపోతాను, ఎందుకంటే ప్రాజెక్టులన్నీ అవసరానికి మించి శ్రమపడేది ఇక్కడే. పదిమంది ఉత్పత్తిదారులుంటే కంపెనీ నమోదవుతుంది. డైరెక్టర్లు అయిదుగురికి తగ్గకూడదు, పదిహేనుకు మించకూడదు. ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. నమోదైన తొంభై రోజుల్లోగా తొలి సర్వసభ్య సమావేశం, ఏడాదికి కనీసం నాలుగు బోర్డు సమావేశాలు జరగాలి. కంపెనీ వద్దనుకుంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది, అదీ మంచిదే. అయితే మీకు గ్రాంటు ఇచ్చేవారు, అప్పు ఇచ్చేవారు దేన్ని ఒప్పుకుంటారో ముందే కనుక్కోండి.

ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. పూర్తికాల సీఈఓ ఉండి తీరాలి, ఆ మనిషి సభ్యుల్లోంచి రాకూడదు. ఇది చట్టంలోనే ఉంది. అధ్యక్షుడి కొడుకును పెడదాం, అతను సభ్యుడు కాడు కదా అన్న వాదన తప్పకుండా వస్తుంది. చట్టప్రకారం అది సరైన వాదనే, కాని తలవంచకండి.

నాలుగో అడుగు: క్యాలెండరును మార్చి నుంచి వెనక్కి రాయండి

ప్రాజెక్టుకు సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. మిర్చికి జూన్‌లో. జులై ప్రాంతంలో నారు, ఆగస్టు-సెప్టెంబరులో నాటు, జనవరి నుంచి కోతలు, ఒక్కో తోటలో మూడు నాలుగు సార్లు. మే నెలలో యార్డుకు ఎండాకాలం సెలవులు. మీ తొలి విడత నిధులు సెప్టెంబరులో వచ్చాయనుకోండి. అప్పటికి రైతు విత్తనం అప్పు మీద తెచ్చి, నారు పోసి, నాటేసి ఉంటాడు. అప్పుడు విత్తన సరఫరా కార్యక్రమం పెడితే ఎవరి కోసం?

అందుకని అమ్మకపు రోజును ముందు రాసుకోండి. ఫిబ్రవరి మూడో వారంలో తొలి లారీ పోవాలి. అంటే జనవరిలో తేమ కొలిచే యంత్రం, కాయ ఆరబోసే పట్టాలు (టార్పాలిన్లు), ఖాళీ గోనె సంచులు ఊళ్లో ఉండాలి. డిసెంబరులో కొనుగోలుదారుతో ఒప్పందం, నవంబరులో నిర్వహణ మూలధనం మంజూరు కావాలి. బ్యాంకు దరఖాస్తు ఆగస్టులోనే పడాలి. నిధులు ఆలస్యమైతే ఆ ఏడాది విత్తనాల ఊసెత్తకండి. తక్‌పట్టీలు సేకరించండి, కొట్టిన మందుల వివరాలు రాసుకునే పిచికారీ పుస్తకాలు పంచండి, కొనుగోలుదారులను కలవండి. రైతు ఒక సీజను ఆగుతాడు. మాట తప్పినవాడి కోసం మాత్రం రెండోసారి ఆగడు.

అయిదో అడుగు: నాణ్యతకు లెక్క కట్టండి

ఫిరంగిపురం దగ్గర ఓ కల్లంలో జరిగిన మాట చెబుతాను. మట్టినేల మీద కాకుండా పట్టా మీద కాయ ఆరబోయమని, తేమ పది శాతానికి తేవాలని మా కుర్రవాడు వివరిస్తున్నాడు. ఓ పెద్దాయన వంగి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. “ఇది ఎండినట్టే కదా బాబూ. ఇంకా ఎండబెడితే పోయేది నీళ్లా, నా తూకమా?” అన్నాడు. మావాడి దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు, ఆ రాత్రి కాగితం ముందేసుకునే దాకా.

14 శాతం తేమ ఉన్న క్వింటా కాయలో ఎండు సరుకు 86 కిలోలు. దాన్ని 10 శాతానికి ఆరబెడితే మొత్తం తూకం 95.5 కిలోలకు దిగుతుంది. క్వింటాకు నాలుగున్నర కిలోలు పోయినట్టే. ధర 12,000 అనుకుంటే, బాగా ఆరిన కాయకు క్వింటా 12,560 పలికితేనే రైతుకు సమానమవుతుంది. పట్టా ఖర్చు, రెండు రోజుల కూలి దాని మీద అదనం. కొనేవాడు ఆ 560 కన్నా ఎక్కువ ఇస్తానని రాసివ్వకపోతే, మీ మాట విన్న రైతు నష్టపోతాడు, వినని రైతు బాగుపడతాడు. శిక్షణ తరగతులు ఎందుకు ఫలించవో తెలుసుకోవడానికి పెద్ద అధ్యయనాలు అక్కర్లేదు, ఈ లెక్క చాలు.

అదనపు ధర ఖాయమయ్యాక చేయించాల్సినవి ఇవి. పట్టాల మీద పలుచగా ఆరబోత, రాత్రి మంచు తగలకుండా కుప్ప చేసి కప్పడం. తాలు కాయ విడిగా, మచ్చ కాయ విడిగా. తేజ, 334, బ్యాడగి రకాలను ఒకే సంచిలో కలపకూడదు. అన్నట్టు, ఆ 334 అన్న అంకె గుంటూరు పక్కనే ఉన్న మన లాం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ఎల్‌సీఏ 334 రకానిది. సంచుల మీద నీళ్లు చల్లే అలవాటును మాత్రం మొదటి రోజే నిషేధించండి. తడి కాయకు బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం, దాంతో ఎగుమతి సరుకు వెనక్కి.

మరొకటి పిచికారీ పుస్తకం. 2021లో నల్ల తామర పురుగు తోటల మీద పడినప్పుడు, రైతులు చేతికి దొరికిన మందునల్లా కొట్టారు. వారిని తప్పుపట్టలేం, తోటలు కళ్లముందే ఎండిపోతున్నాయి. ఎగుమతిదారుడు మాత్రం మందుల అవశేషాలు పరీక్షించి కానీ కొనడు. జేబులో పట్టే చిన్న పుస్తకంలో తేదీ, మందు పేరు, మోతాదు, కోత తేదీ, ఈ నాలుగు గళ్లు చాలు. గుంటూరులోనే సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది. లారీ కదిలించకముందే నమూనా అక్కడ పరీక్ష చేయించుకోండి. పరీక్షకయ్యే ఖర్చు వెనక్కి వచ్చే లారీ కిరాయి కన్నా తక్కువ.

ఆరో అడుగు: సాయంత్రం డబ్బు

ప్రాజెక్టులు చతికిలపడేది ఇక్కడే గనక కాస్త నిదానంగా చదవండి.

పది టన్నుల లారీ అంటే వంద క్వింటాళ్లు, క్వింటా 12,000 చొప్పున 12 లక్షల రూపాయలు. పెద్ద కొనుగోలుదారు సరుకు చేరిన పదిహేను రోజులకు డబ్బు పంపుతాడనుకుందాం. రైతుకు అన్ని రోజులు ఆగే ఓపిక లేదు. కోత కూలీలకు వారం వారం ఇవ్వాలి, సరుకు అమ్మిన సంగతి దుకాణదారుకు తెలియనే తెలుస్తుంది. కాటా వేసిన రోజే ఎనభై శాతం ఇవ్వాలంటే లారీకి 9.6 లక్షలు కావాలి. వారానికి రెండు లారీలు పంపితే, తొలి లారీ డబ్బు వచ్చేసరికి నాలుగు లారీల సొమ్ము దారిలో ఉంటుంది. అంటే దాదాపు 38 లక్షలు.

ఇప్పుడు మీ గల్లాపెట్టె చూసుకోండి. మూడు వందల మంది సభ్యులు తలా వెయ్యి కడితే మూడు లక్షలు. ఎఫ్‌పీఓల కోసం 2020 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం కిందకు మీ సంస్థ వస్తే, సభ్యుడు కట్టిన దానికి సమానంగా తలకు 2,000 మించకుండా, సంస్థకు 15 లక్షలు మించకుండా గ్రాంటు ఉంది. దాంతో కలిపి ఆరు లక్షలు. ఒక్క లారీకి కూడా చాలవు.

ఈ గుంట పూడ్చడానికి దారులు మూడు. నాకు నచ్చిన వరుసలో చెబుతాను. మొదటిది, కొనుగోలుదారు నుంచే లారీకి ముందు సగం అడగడం. సిగ్గుపడాల్సిన పని లేదు, సరైన సరుకుకు ఇస్తారు. రెండోది, బ్యాంకు నుంచి నిర్వహణ మూలధనం. ఆ పథకంలోనే సంస్థకు రెండు కోట్ల దాకా రుణ హామీ సదుపాయం ఉంది, బ్యాంకు మేనేజరుకు ఆ సంగతి మీరే గుర్తుచేయాల్సి రావచ్చు. మూడోది, శీతల గిడ్డంగి రశీదు మీద రుణం. గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు, ఆ రశీదు మీద అప్పిచ్చే అలవాటూ ఇక్కడ పాతదే.

అయితే గిడ్డంగిలో పెట్టడం వేరు, ధర కోసం పందెం కాయడం వేరు. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన మిర్చి 2025 మొదటికి దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర పెరుగుతుందని సభ్యుల సరుకును ఆపే అధికారం ప్రాజెక్టు మేనేజరుకు లేదు. ఉన్నట్టు ఎవరైనా మాట్లాడితే బోర్డు పుస్తకంలో వద్దని రాయించండి. ఎవరి సరుకు నిలవ ఉంచాలో వారే సంతకం పెట్టి చెప్పాలి. కిరాయి, వడ్డీ నెలనెలా వారికి కాగితం మీద తెలియజేయాలి.

ఒప్పంద పత్రంలో మరిచిపోకూడని ప్రశ్నలు: తూకం ఏ కాటా మీద? తేమ ఎవరి యంత్రంతో? సరుకు నచ్చక తిప్పి పంపితే కిరాయి ఎవరిది? తాలు ఎంత శాతం దాకా ఒప్పుకుంటారు? మా మొదటి ఒప్పందంలో రెండో ప్రశ్నకు జవాబు లేదు. మా యంత్రం 10.5 చూపింది, వారిది 12. ఒక రోజంతా లారీ వారి గోదాము ముందు నిలబడింది. చివరికి తగ్గించి ఇచ్చుకున్నాం, ఆ తేడా రైతుల మీద వేయలేక సంస్థే భరించింది.

యంత్రాల మోజు

దీనికి అడుగు సంఖ్య ఇవ్వను, ఎందుకంటే మొదటి రెండేళ్లలో ఈ అడుగు వేయకపోవడమే మేలు. ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు కారం మిల్లు పెడదామంటారు. విలువ జోడింపు అనే మాట దాతలకూ ఇష్టం. మేమూ పెట్టాం. మూడు ఫేజుల కరెంటు కనెక్షన్‌కు నెలలు పట్టింది, ఆహార భద్రత లైసెన్సుకు ఇంకొన్ని. తీరా కారం ఆడాక, ఇంటింటికీ పొట్లాలు అమ్మే మనుషులు మా దగ్గర లేరు. మిల్లు మీద పట్టా కప్పాం. కాయ అమ్మడం చేతకానివారికి కారం అమ్మడం ఇంకా చేతకాదు. అమ్మకం కుదిరాక, నిజంగా అవసరమైతే, వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రెండు కోట్ల దాకా రుణానికి ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అప్పుడు చూసుకోవచ్చు.

ఏడో అడుగు: దాతకు ఏం చెప్పాలి, మీరేం చూడాలి

నివేదికలో ఎన్ని శిక్షణలు, ఎంత మంది హాజరు అని అడుగుతారు. రాయండి, తప్పదు. మీ బల్ల మీద మాత్రం మూడు అంకెలే ఉంచుకోండి: సభ్యులు పండించినదాంట్లో ఎంత వంతు సంఘం ద్వారా అమ్మారు, కాటా వేసిన రోజు నుంచి పూర్తి డబ్బు అందడానికి ఎన్ని రోజులు పట్టింది, నిరుడు మనకు అమ్మినవారిలో ఈ ఏడు మళ్లీ అమ్మినవారు ఎందరు. మూడోది పడిపోతుంటే మిగతా నివేదిక ఎంత బాగున్నా నమ్మకండి. వెళ్లి ఆ రైతుల ఇంటి ముందు కూర్చుని కారణం అడగండి. ఎక్కువసార్లు కారణం ధర కాదు, తూకం మీద అనుమానమో, డబ్బు ఆలస్యమో. లేదా సిబ్బందిలో ఎవరో దురుసుగా అన్న మాట.

దుకాణదారులతో గొడవకు దిగకండి. వారిని దళారులని సభల్లో తిట్టడం సులభం. రాత్రి పదింటికి ఆసుపత్రి ఖర్చుకు డబ్బిచ్చేది వారే, మీ కార్యాలయానికి అప్పటికే తాళం పడి ఉంటుంది. రైతు సగం సరుకు మీకిచ్చి, సగం పాత కొట్టుకే వేస్తే దాన్ని ద్రోహం అనుకోవద్దు. ఆయన తెలివిగా ఉన్నాడు, అంతే.

చివరి అడుగు: చేతులు మార్చడం

కేంద్ర పథకంలో నిర్వహణ ఖర్చులకు మూడేళ్లకు 18 లక్షల దాకా వస్తాయి, ఏడాదికి సుమారు ఆరు. ఆ తరువాత సీఈఓ జీతం, లెక్కలు రాసేవారి జీతం, అద్దె అన్నీ సంఘమే సంపాదించుకోవాలి. అమ్మకాల మీద ఒకటిన్నర శాతం మిగులుతుందనుకుంటే, ఆరు లక్షలకు నాలుగు కోట్ల అమ్మకం కావాలి. మన లారీల్లో చెప్పాలంటే ముప్పై మూడు. మూడో ఏడాది సీజనులో ముప్పై మూడు లారీలు పోయే దారి రెండో ఏడాది దసరా నాటికే కనపడకపోతే, ఖర్చు తగ్గించండి, లేదా రెండో పంట చేర్చండి. మిర్చి లేని నెలల్లో మినుములు, దుగ్గిరాల యార్డుకు దగ్గరి ఊళ్లయితే పసుపు, జూన్‌లో ఎరువుల వ్యాపారం. ఎరువుల్లో లాభం తక్కువే, కానీ రైతు కార్యాలయం మెట్లు ఎక్కే అలవాటు అక్కడే పడుతుంది.

మూడో ఏడాది జనవరి నుంచి చెక్కుల మీద మీ సంతకం ఉండకూడదు. కొనుగోలుదారుల ఫోన్లు సీఈఓకే వెళ్లాలి. బోర్డు సమావేశంలో మీరు వెనక వరుసలో కూర్చోండి. మేము వదిలి వచ్చే ముందు ఆఖరి సమావేశంలో, తొలి లారీని నేను సూచించిన ఎగుమతిదారుకు కాక, తమకు తెలిసిన మరొకరికి పంపాలని బోర్డు తీర్మానించింది. ధర క్వింటాకు 50 రూపాయలు తక్కువ, డబ్బు మాత్రం మూడో రోజుకే వస్తుంది. నేను అభ్యంతరం చెప్పబోయాను. “పన్నెండు రోజుల వడ్డీ లెక్క వేసి చూశాం సార్,” అంటూ ఒకావిడ తన పుస్తకం నా ముందుకు జరిపింది.